200 స్కిల్స్ వద్దు, ఒక్క మంత్రగాడు చాలు

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్స్‌లో క్లాసులు (మంత్రగాడు, వీరుడు వంటి పాత్రల రకాలు), స్కిల్స్ (ఆ పాత్రలు వాడే శక్తులు) రూపొందించే డిజైనర్ కావాలని ఉంది. 12 క్లాసులు, 200 స్కిల్స్ రాసిపెట్టుకున్నాను. వీటితో ఉద్యోగానికి ప్రయత్నించవచ్చా?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: ఇంత రాశారంటే ఈ పని మీద నిజమైన ఇష్టం ఉన్నట్టే. కానీ ఆ జాబితా చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. నిప్పుతో 500 డ్యామేజ్, మంచుతో 500 డ్యామేజ్ అంటే రంగు మారిందే తప్ప స్కిల్ మారలేదు. 2005లో వచ్చిన గిల్డ్ వార్స్‌లో స్కిల్స్ వందల్లో ఉన్నా, ఊరు దాటేటప్పుడు వెంట తీసుకెళ్లగలిగేది ఎనిమిదే. ఏవి వదిలేయాలన్న తర్జనభర్జనలోనే ఆట రుచి ఉంది.

12 క్లాసుల్లోంచి ఒక్క మంత్రగాడిని తీసుకోండి. ఎక్సెల్ తెరిచి స్కిల్ పేరు, క్యాస్ట్ టైమ్ (మంత్రం వేయడానికి పట్టే సమయం), కూల్‌డౌన్ (మళ్లీ వాడేందుకు ఆగాల్సిన సమయం), డ్యామేజ్ (శత్రువుకు కలిగే నష్టం), మనా (మంత్రశక్తి) ఖర్చు అని కాలమ్స్ పెట్టండి. అతని అగ్నిగోళానికి 2.5 సెకన్ల క్యాస్ట్, 500 డ్యామేజ్ అనుకుందాం. 60 సెకన్లలో 24 సార్లు, మొత్తం 12,000. పక్కన కత్తివీరుడు 1.5 సెకన్లకో వేటు, వేటుకు 300. 40 వేట్లకు అదే 12,000. కాగితం మీద ఇద్దరూ సమానమే.

ఇప్పుడు బాస్, అంటే ఓడించాల్సిన పెద్ద శత్రువు, నేల మీద నిప్పు పోస్తాడు, 12 సెకన్లు పరిగెత్తాలి. వీరుడు కదులుతూనే కొడతాడు. మంత్రగాడు నిలబడితేనే గోళం వేయగలడు కాబట్టి అతనికి 48 సెకన్లే మిగులుతాయి: 19 గోళాలు, 9,500. దాదాపు ఐదో వంతు పోయింది. కొత్తవాళ్లు ఇక్కడే గోళం డ్యామేజ్ పెంచేస్తారు. అప్పుడు కదలాల్సిన పని లేని బాస్ దగ్గర మంత్రగాడిని ఎవరూ అందుకోలేరు.

దానికి బదులు, 30 సెకన్లకోసారి రెండు గోళాలను కదులుతూనే వదిలే స్కిల్ ఇవ్వండి. నిమిషంలో నాలుగు గోళాలు, 2,000 తిరిగొస్తాయి. ఇప్పుడే వాడేయాలా, నిప్పు పోసేదాకా దాచుకోవాలా అన్న ఆలోచన ఆటగాడికి మొదలవుతుంది. వైవిధ్యం అంటే ఇదే. మీ ప్రతి స్కిల్‌నూ ఇలాగే నిలదీయండి: ఇది తీసేస్తే ఆటగాడు ఏ నిర్ణయం కోల్పోతాడు? జవాబు దొరకకపోతే కొట్టేయండి.

తర్వాత ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లయిన యూనిటీలో గానీ అన్‌రియల్‌లో గానీ ఒక గది, ఒక బాస్, ఆరు స్కిల్స్‌తో ఐదు నిమిషాల ఆట కట్టండి. అన్‌రియల్‌లో ఈ పనికే గేమ్‌ప్లే ఎబిలిటీ సిస్టమ్ ఉంది. సీ ప్లస్ ప్లస్ మీద పట్టు లేకపోతే మాత్రం యూనిటీతో మొదలుపెట్టడం మేలు. బొమ్మల కోసం నెలలు తగలేయొద్దు, డబ్బాలు, గోళాలు చాలు. ఐదుగురు స్నేహితులతో ఆడించి, ఎవరు ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో లాగ్ (నమోదు) తీయండి. ఎవరూ ముట్టని బటన్, అందరూ అదేపనిగా నొక్కే బటన్ రెండూ మరమ్మతుకు రావాల్సినవే. ఏం మార్చారో, ఎందుకో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో చూపించాల్సింది ఆ రెండు పేజీలు, ఆడదగిన ఆ బిల్డ్ (మీరు కట్టిన ఆట).

డిగ్రీ మానొద్దు. ఫ్రెషర్లకు నేరుగా డిజైనర్ పోస్టులు తక్కువ. టెస్టింగ్‌లోనో గేమ్‌ప్లే ప్రోగ్రామింగ్‌లోనో చేరి డిజైన్ వైపు మారే దారి మీలాంటి సీఎస్ఈ వాళ్లకు అనువైనది. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) వంటి పెద్ద గేమ్ సంస్థకు హైదరాబాద్‌లో కార్యాలయం ఉన్నా, ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ పనే కావాలని పట్టుబడితే అవకాశాలు బాగా తగ్గుతాయి. మొబైల్ గేమ్‌లకూ సిద్ధపడండి. ఫోన్ తెర మీద కుడి బొటనవేలికి హాయిగా అందేవి నాలుగైదు బటన్లే కాబట్టి, మీ మంత్రగాడిని నాలుగు స్కిల్స్‌కు కుదించిన రెండో బిల్డ్ కూడా చేసి పెట్టుకోండి.