అండమాన్ కోసం చీటీ పాడొచ్చా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి కొర్లగుంట. శ్రీసిటీలో ఒక కంపెనీలో పని చేస్తున్నా, చేతికి 62,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, నెలకు ఓ 12,000. పాపకు 13 ఏళ్లు, బాబుకు 7. మా అమ్మకు 64, షుగరు, బీపీ ఉన్నాయి. దసరా సెలవుల్లో అందరం అండమాన్ వెళ్దామని ఆశ. ఏజెంటు 6 రాత్రులు, 7 రోజులకు తలకు 26,500 చెప్పాడు. అందులో తిండి అంటే పొద్దున టిఫిన్ ఒక్కటే. స్కూబా, సీ వాక్, జెట్ స్కీ, గాజు అడుగు పడవ కలిపి ‘కాంబో’ తలకు 6,500. చెన్నై నుంచి విమానం రానుపోను తలకు 14,000. మొత్తం 2,35,000. నాకు రెండున్నర లక్షల చీటీ ఉంది, నెలకు పదివేలు, 25 నెలలు. ఇది 8వ నెల. ఇప్పుడు పాడితే 1,90,000 చేతికొస్తుంది. మిగతా 45,000 క్రెడిట్ కార్డు మీద పెడదామనుకుంటున్నా. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని ముట్టుకోవద్దని మా ఆవిడ అంటోంది. ఖర్చులు, చీటీ అన్నీ పోను నెలకు 18, 20 వేలు మిగులుతాయి. దీపావళికి 40,000 బోనస్ వస్తుంది. కంపెనీ ఇచ్చే ఎల్‌టీఏతో (సెలవు ప్రయాణ భత్యం) పన్ను ఏమన్నా తగ్గుతుందా?

జవాబు: ముందుగా మీ ఆవిడ మాట వినండి. షుగరు, బీపీ ఉన్న అమ్మగారు ఇంట్లో ఉన్నప్పుడు ఆ 2 లక్షలు ఆసుపత్రి డబ్బు. దాని గురించి ఇక మాట్లాడుకోవద్దు.

చీటీ సంగతి. ఈ నెల పాడితే మీరు వదులుకునేది 60,000. కమీషన్ 5 శాతం అనుకుంటే అందులో 12,500 ఎప్పుడు ఎత్తినా పోయేదే. చివరి నెలదాకా ఆగితే 2,37,500 వస్తుంది. అంటే 17 నెలలు ముందుగా తీసుకుంటున్నందుకు 47,500 ఇచ్చుకుంటున్నారు. చేతికొచ్చే 1,90,000లో అది సరిగ్గా పావు వంతు. ఏడాది వడ్డీగా చూస్తే 17 శాతం దాటుతుంది. సిబిల్ స్కోరు బాగున్న ఉద్యోగికి బ్యాంకులో పర్సనల్ లోనే ఇంతకన్నా చవగ్గా దొరుకుతుంది. లోన్ తీసుకోమని కాదు, చీటీ మన సొంత డబ్బే కదా అనే ధైర్యం మీకుందేమోనని చెబుతున్నా. ఇంటి స్థలానికి అడ్వాన్సు ఇవ్వాల్సి వచ్చి పాడితే వేరే మాట. వారం రోజుల టూరుకు పాడి, తిరిగొచ్చాక 17 నెలలు ఫొటోలు చూసుకుంటూ కంతులు కట్టడం నాకు నచ్చదు. కార్డు అయితే మరీ దారుణం. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ, దాని మీద జీఎస్టీ.

ఎల్‌టీఏ గురించి రెండు ముక్కలు. అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే పనికొస్తుంది, అదీ దేశంలో తిరిగిన ప్రయాణ ఛార్జీల వరకే. హోటలుకు, స్కూబాకు వర్తించదు. మీ జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. దీనికోసం పాత విధానంలోకి వెళ్లకండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది 2,35,000 కాదు, ‘తలకు’ అనే మాట. మన ఊరికి దర్శనానికి వచ్చేవాళ్లు 300 రూపాయల టికెట్‌ను ముందుగా బుక్ చేసుకోకుండా, ప్యాకేజీ పేరుతో దళారికి ఎంత సమర్పించుకుంటారో తిరుపతిలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. అండమాన్‌లో ఆ స్థానంలో మనం ఉంటాం, అంతే.

మీ కాంబో 6,500ను ఐదుతో హెచ్చించి 32,500 అన్నారు. ఆ ఐదుగురిలో ఎవరు ఏం చేయగలరో చూద్దాం. స్కూబాకు సాధారణంగా పదేళ్లు నిండాలి, కాబట్టి బాబును దించరు. అక్కడ ముందుగా ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపమంటారు. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ లాంటివి ఉంటే డాక్టరు సర్టిఫికెట్ తెమ్మంటారు. అమ్మగారి విషయంలో ఆ ఆలోచనే వద్దు. అంటే కాంబోలోని పెద్ద ఐటమ్ ఇద్దరికి పనికిరాదు, డబ్బు మాత్రం ఐదుగురికి కడతారు. మీ ఆవిడను కూడా ఒక్కసారి అడగండి. నీళ్లంటే భయమని ఒడ్డునే కూర్చునే మనిషైతే ఇంకో 6,500 దండగ.

నా లెక్క ఇలా ఉంటుంది. మీరు, పాప హావ్‌లాక్ ద్వీపంలో స్కూబా చేయండి. ఈత రాకపోయినా ఫర్వాలేదు, ట్రైనర్ పక్కనే పట్టుకుని ఉంటాడు. మనిషికి 4,500 వేసుకున్నా 9,000. అమ్మగారికి, బాబుకు, మీ ఆవిడకు నీల్ ద్వీపంలో భరత్‌పూర్ బీచ్ దగ్గర గాజు అడుగు పడవ చాలు. నీళ్లు లోతు తక్కువ, కాలు తడవకుండా కింద పగడాలు, చేపలు కనిపిస్తాయి. దానికో 5,000 తీసిపెట్టండి. జెట్ స్కీ అంటే రెండు నిమిషాల్లో ఒక రౌండు తిప్పి దించేస్తారు. సీ వాక్‌లో పెద్ద హెల్మెట్ పెట్టి సముద్రం అడుగున నడిపిస్తారు. స్కూబా చేసినవాళ్లకు అది అక్కర్లేదు. 32,500 అయ్యేది 14,000లో తేలిపోతుంది.

స్కూబా చేసిన తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి దాన్ని చివరి రోజుకు పెట్టుకోకండి. ఈ ముక్క చాలామంది ఏజెంట్లు చెప్పరు.

ప్యాకేజీలో మీరు పంపిన ప్రోగ్రాం చూశాను. అందులో రెండు చోట్లు కొట్టేయొచ్చు. ఒకటి నార్త్ బే. హావ్‌లాక్‌లో, నీల్‌లో చేసే ఆటలే అక్కడా ఉంటాయి. దాని గొప్పంతా పాత ఎర్ర ఇరవై నోటు వెనక ఉన్న కొబ్బరిచెట్లు, లైట్‌హౌస్ బొమ్మ. అమ్మగారి డబ్బాలో పాత నోటు ఉంటే బాబుకు ఇంట్లోనే చూపించండి. రెండోది బారాటాంగ్. సున్నపురాయి గుహలు, మడ అడవుల మధ్య పడవ, అన్నీ బాగానే ఉంటాయి. కానీ తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాలి, సుమారు వంద కిలోమీటర్లు పోవాలి, మధ్యలో జరావా తెగవాళ్ల అడవిలోంచి వాహనాలన్నీ కాన్వాయ్‌గానే వెళ్లాలి. అక్కడ ఆగడం, ఫొటోలు తీయడం నేరం. అమ్మగారికి, ఏడేళ్ల బాబుకు ఆ ప్రయాణం శిక్ష. ఇంకో మాట, అది నా సొంత అభిప్రాయం: ఆ అడవి ఒకరి ఇల్లు. కిటికీలోంచి తొంగి చూడటానికి డబ్బు కట్టి పోవడం నాకు మనసొప్పలేదు.

ఈ రెండూ తీసేస్తే ట్రిప్పు 5 రాత్రులు, 6 రోజులకు వస్తుంది.

ఇక డబ్బు కట్టక్కర్లేనివి, లేదా దాదాపు అక్కర్లేనివి. నిజానికి మనసులో మిగిలేవి ఇవే. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్, నీల్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గర సూర్యాస్తమయం, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే దగ్గరికి పోగలిగే రాతి వంతెన. అక్కడ మన టైమే నడుస్తుంది కానీ ద్వీపాలు బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి ఐదున్నరకే చీకటి పడుతుంది. మధ్యాహ్నం భోంచేసి నిద్రపోయి ఐదింటికి బీచ్‌కు బయలుదేరితే సూర్యుడు అప్పటికే వెళ్లిపోయి ఉంటాడు. మా ఇంట్లో మొదటి రోజు జరిగింది అదే.

సెల్యులార్ జైలుకు మాత్రం ఒక పూట మొత్తం ఇవ్వండి. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టారు. ఏడు రెక్కలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఖైదీలు ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఒక వరస గదులకు ఎదురుగా పక్క వరస వీపు వచ్చేలా కట్టారు. కింద ఆవరణలో నూనె గానుగ పెట్టారు. వేరుశనగ పండే సీమవాళ్లం, గానుగ చుట్టూ ఎద్దు తిరగడం చూసినవాళ్లం. అక్కడ ఎద్దు స్థానంలో మనిషిని కట్టారు. రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలని లెక్క. మా అమ్మాయి ఆ కాడిని చేత్తో తోసి చూసి, కదలకపోతే, “దీన్ని ఒక్కరే లాగేవాళ్లా నాన్నా?” అంది. రంప తిరుగుబాటు మనుషులను కూడా ఆ ద్వీపాలకే పంపారని చెప్పాను. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, దాని టికెట్ ముందే తీసుకోండి.

అమ్మగారికి బాగుండేది రాస్ ద్వీపం. బ్రిటిష్‌వాళ్ల పాత ముఖ్య కేంద్రం. చర్చి గోడలను మర్రి ఊడల్లాంటి వేళ్లు చుట్టేశాయి, జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. నడవలేనివాళ్లకు బ్యాటరీ బండ్లు ఉన్నాయి. టికెట్లు బుక్ చేసేటప్పుడు కొత్త పేర్లు చూసి కంగారు పడకండి. 2018లో రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. భాష గురించి టెన్షన్ వద్దు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, ఆటో బేరం చాలాసార్లు తెలుగులోనే అయిపోతుంది.

దసరా గురించి. వద్దు. అది వానల కాలం. మేం ఒకసారి నవంబరు మొదట్లో వెళ్లాం. నీల్ నుంచి తిరిగి రావాల్సిన పొద్దున గాలి లేచింది. సామాన్లతో జెట్టీకి వెళ్తే ఆ రోజు బోట్లు లేవన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ సముద్రం శాంతించలేదు. ఈలోపు పోర్ట్ బ్లెయిర్‌లో మా విమానం వెళ్లిపోయింది. ప్యాకేజీ అమ్మిన ఏజెంటు ఫోను ఎత్తలేదు. నలుగురికి కొత్త టికెట్లు 41,000 పడ్డాయి. పదిమందికి డబ్బు సలహాలు చెప్పే నేను, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా ప్లాన్ చేసుకోకుండా నీల్ నుంచి దిగీ దిగగానే విమానం పెట్టుకున్నాను! మీరు ఆ తప్పు చేయకండి. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి, చేతిలో విడిగా 15,000 ఉండాలి. అందులో కొంత నోట్ల రూపంలో పెట్టుకోండి, చిన్న ద్వీపాల్లో ఏటీఎంలు తక్కువ. అమ్మగారి మందులు పది రోజులకు సరిపడా తీసుకెళ్లండి. పెద్ద ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది.

పిల్లల పరీక్షలు అయిపోయాక ఏప్రిల్ చివరి వారం పెట్టుకోండి. ఎండ ఉంటుంది, తిరుపతివాళ్లకు అదేం కొత్త కాదు. సముద్రం మాత్రం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది, నీళ్లలో చూపు కూడా బాగా ఆనుతుంది.

మీకు మీరే బుక్ చేసుకుంటే నా అంచనా ఇది: రెండు గదులు, 5 రాత్రులు, గదికి 3,000 చొప్పున 30,000. ద్వీపాల మధ్య మూడు బోటు ప్రయాణాలు, ఐదుగురికి 22,500. ప్రభుత్వ ఫెర్రీ దొరికితే ఇందులో చాలా మిగులుతుంది, కానీ సీట్లు కష్టం. కార్లు, ఆటోలు 15,000. మూడు పూటల తిండి 21,000. స్కూబా, పడవలు 14,000. జనవరిలోనే తీసుకుంటే విమానం తలకు 11,000 చొప్పున 55,000 అనుకుందాం. చెన్నైకి రానుపోను 7,000. అత్యవసరానికి 15,000. మొత్తం 1,79,500. ఏజెంటు చెప్పిన 2,35,000లో మధ్యాహ్నం, రాత్రి భోజనాలు గానీ చెన్నై కారు గానీ లేవు. అవి కలిపితే 2,60,000 దగ్గరికి పోయేది.

డబ్బు ఎక్కడినుంచి? సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా 8 నెలలు నెలకు 16,000 పక్కన పెడితే 1,28,000. దీపావళి బోనస్ 40,000 కలిపితే 1,68,000. ఇంకో 11,500 కావాలి. సంక్రాంతికి, పెళ్లిళ్లకు మీ ఆవిడ దగ్గర బ్లౌజులు ఎలాగూ క్యూ కడతాయి, అది అక్కడ తీరుతుంది. కాకపోతే ఆ డబ్బులో ఒక చీర ఆమెకు బాకీ పడతారు. ఈ 16,000 ఆర్‌డీలో వేయాలా, ఫండ్‌లో వేయాలా అని బుర్ర పాడుచేసుకోకండి. ఎనిమిది నెలల్లో వడ్డీ తేడా రెండు వేలు కూడా ఉండదు. జీతం పడే ఖాతా కాకుండా వేరే ఖాతాలో, జీతం వచ్చిన మర్నాడే దానంతటదే వెళ్లిపోయేలా పెట్టండి. ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచండి. బోనస్ మాత్రం జనవరి దాకా కదపొద్దు, విమానం టికెట్లకు అదే మొదటి విడత.

ఈ నెల చీటీ పాటకు వెళ్లినా నోరు మెదపకుండా కూర్చుని రండి. జనవరి రెండో వారంలో టికెట్ రేట్లు చూసి, తలకు 13,000 దాటితే కొనకుండా ముందు నాకు రాయండి. అప్పుడు నీల్‌లో ఒక రాత్రి తగ్గిద్దామా అని ఆలోచిద్దాం.