మాల తీసిన మర్నాడు

చిరంజీవి శీనుకి మావయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కాసేపు వానల గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడి, పెట్టేసే ముందు గొంతు తగ్గించి చెప్పింది. "అన్నయ్యా, శీను ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటాడట. మందు ఇక జన్మలో ముట్టనన్నాడు." ఆ మాట నవ్వుతూ చెప్పిందో ఏడుస్తూ చెప్పిందో తెలియలేదు. నేను వచ్చి అరుగు మీద కూర్చుంటే మీ అత్తయ్య "ముఖం అలా పెట్టారేం?" అంది. "శీను మందు మానేస్తున్నాడంట" అన్నాను. "మంచి కబురేగా!" అంది. మంచి కబురే. కానీ భయం కూడా వేసిందిరా. నేను తొమ్మిదిసార్లు మాల వేసుకున్నవాణ్ని. తొమ్మిదిసార్లూ మందు మానేసినవాణ్ని. తొమ్మిదిసార్లు మానేయడమంటే ఏమిటో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నా. మనవడు దీన్ని ఫొటోలు తీసి నీ వాట్సాప్‌కి పంపుతాడు. అక్షరాలు బాలేవని నవ్వకు, చదువు.

దీక్ష సంగతులు మీ గురుస్వామి చెబుతారు. తెల్లవారకముందే లేవడం, చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, చాప మీద పడక, వీటిలో నేను చెప్పేదేం లేదు. హైదరాబాద్ రోడ్ల మీద చెప్పుల్లేకుండా నడుస్తావు కాబట్టి టీటీ ఇంజెక్షన్ వేయించుకో, అంతే.

ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. పొద్దున లేవగానే నీ చేతులు వణుకుతున్నాయా? "ఈమధ్య వీడు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నాడు" అని మీ అమ్మ మాటల మధ్యలో అంది. చలికి అనుకుంటోంది పిచ్చితల్లి. నాకు మాత్రం ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు.

1998లో మా పీఠంలో ఒక స్వామి ఉండేవాడు. ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు. మాల వేసుకున్న పొద్దుటి నుంచి ఒక్కసారిగా ఆపేశాడు. రెండో రోజు సాయంత్రం భజనలో నా ఎదురుగా కూర్చున్నాడు. చేతులు వణకడం మొదలైంది, ఒళ్లంతా చెమటలు. "స్వామి పూనాడు" అన్నారెవరో. ఇంకెవరో కర్పూరం వెలిగించారు. మేం భజన ఇంకా జోరు పెంచాం, కంజీర వాయించేది నేనే. చూస్తుండగానే కళ్లు తేలేసి పక్కకి పడిపోయాడు. దీపం కుంది అంచు నుదుటికి తగిలి రక్తం, నోట్లోంచి నురగ. ఆసుపత్రిలో డాక్టరు రెండే ప్రశ్నలు అడిగాడు. "రోజుకెంత తాగుతాడు? ఎప్పుడు ఆపాడు?" నల్లబట్టల్లో నిలబడ్డ పదిమందిమి ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. రోజూ బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చట. ఆ తర్వాతి రెండు రోజుల్లో లేనివి కనబడతాయట, మనిషి ఎక్కడున్నాడో కూడా తెలియదట. పట్టించుకోకపోతే ప్రాణం పోతుందన్నాడు. అన్నట్టుగానే మూడో రోజు మా స్వామి గోడ మీద జెర్రులు పాకుతున్నాయని మంచం మీంచి దూకబోయాడు. బతికాడనుకో. ఆ రాత్రి నుంచి నాకు కంజీర చప్పుడు వింటే ముందు అతని చేతులే గుర్తొస్తాయి.

కాబట్టి మాల సంగతి తర్వాత, ముందు డాక్టరు. మానసిక వైద్యుడంటే పిచ్చి డాక్టరని సిగ్గుపడకు. మీ ఊళ్లోనే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వం వాళ్లదే, తెలుగులో మాట్లాడతారు. రోజుకెంత తాగుతున్నావో మీ ఆవిడకి చెప్పే లెక్క కాదు, అసలు లెక్క చెప్పు. కొద్దిరోజులు మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఎక్కిస్తారు. తాగుడు ఆ విటమిన్‌ని ఒంట్లో లేకుండా చేస్తుంది. అది మరీ తగ్గితే నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది. ఒకట్రెండు రోజులు ఆసుపత్రిలో ఉండమంటే ఉండు. స్వామి ఎక్కడికీ పోడు.

ఇంకోటి. మీ అమ్మ ఎవరో చెబితే అన్నంలో కలిపే పొడి తెప్పించాలని చూస్తోంది. గట్టిగా కేకలేశాను. మందు మాన్పించే మాత్రలు డాక్టర్ల దగ్గర ఉన్న మాట నిజమే. అవి తాగేవాడికి తెలిసి, డాక్టరు చూస్తుండగా వేసుకోవాల్సినవి. తెలియకుండా పెడితే, వాడు ఆ రోజు తాగాడంటే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి మనిషే దక్కడు. అమ్మని కోప్పడకు. పదేళ్లుగా నీకోసం ఆవిడ మొక్కని దేవుడు లేడు.

ఇప్పుడు తేదీ. నవంబర్ 17న వేసుకుంటానన్నావట. 41 రోజులు లెక్కపెట్టు. డిసెంబర్ 27 అవుతుంది. కొండ దిగి ఇల్లు చేరేసరికి 29, 30. మాల తీస్తావు. మర్నాడు థర్టీఫస్ట్! ఊరు ఊరంతా తాగే రాత్రి ముందర మాల తీసి నిలబడతావా? అదే డిసెంబర్ 1న వేసుకో. థర్టీఫస్ట్ నాడు మెడలో మాల ఉంటుంది, ఒక్కడు కూడా గ్లాసు నీ వైపు జరపడు. మకరజ్యోతికి 41 రోజులు ఎలాగూ నిండుతాయి. మధ్యలో రెండు వారాలు డాక్టరుకి దొరుకుతాయి. ఇది మోసమేమీ కాదు. ఎక్కడ గొయ్యి ఉందో తెలిసిన డ్రైవరు బండి పక్కనుంచి తిప్పుతాడు.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

ప్రతి ఏడూ మాల వేసుకునే ముందురోజు రాత్రి "ఇదే ఆఖరు" అని ఫుల్ కొనేవాణ్ని. మర్నాటి నుంచి మా మెకానిక్ షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసేవాణ్ని. 41, 40, 39. రోజులు అలా తగ్గించి లెక్కపెట్టేది జైల్లో ఉన్నవాడు. అప్పుడా సంగతి తట్టలేదు. నిష్ఠగా ఉన్నాననే అనుకున్నా. నిజంగానే ఉన్నా కూడా. తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాణ్ని, మీ అత్తయ్యని "మాతా" అని పిలిచేవాణ్ని, ఒక్క బూతు మాట వచ్చేది కాదు. చెంగన్నూరులో తిరుగు రైలెక్కేదాకా అంతే. రేణిగుంట దాటేసరికి మా అయిదుగురిలో "స్వామీ" పోయి "ఏరా" వచ్చేది. ఎవరింట్లో ఎన్నింటికి మాల తీస్తున్నారు, సాయంత్రం ఎక్కడ కూర్చుందాం, ఇవే మాటలు.

1999. మా పద్మ రెండో తరగతి. కొండ నుంచి వచ్చాక మా అమ్మ దేవుడి గదిలో కూర్చోబెట్టి నా మెడలోంచి మాల తీస్తోంది. పద్మ వచ్చి మాల రెండు చేతుల్తో పట్టుకుంది. "తియ్యొద్దు నాయనమ్మా" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం మాంసం కూర. సాయంత్రం లారీల బాడీబిల్డింగ్ షెడ్డు వెనకాల అయిదుగురం. గ్లాసు చేతికొచ్చాక నేనన్న మాట బాగా గుర్తుంది. "41 రోజులు చుక్క ముట్టలేదు. తాగుబోతునైతే ఉండగలనా? నాకు కంట్రోల్ ఉంది."

అదీ తప్పు. తాగడం చాలామంది చేస్తారు. నేను 41 రోజుల దీక్షని తాగడానికి లైసెన్సు చేసుకున్నా. మానగలిగానుగా, కాబట్టి తాగొచ్చు! ఏ ఏటికి ఆ ఏడు ఆ లైసెన్సు రెన్యువల్ చేయించుకోడానికి కొండకి వెళ్లి వచ్చానేమో అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. స్వామి క్షమించాలి.

ఆ రాత్రి ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. తెల్లారి వరండాలో మెలకువ వచ్చింది. చొక్కా నిండా వాంతి కంపు. మెడలో ఏదో గుచ్చుకుంటోంది. చూస్తే మాల. తీశాక స్వామి ఫొటోకి తగిలించిన మాలని పద్మ కుర్చీ ఎక్కి తీసి, నిద్రపోతున్న నా మెడలో వేసింది. "మాల ఉంటే నాన్న మంచోడుగా" అందట వాళ్లమ్మతో. ఆ మాట మీ అత్తయ్య నాకు చెప్పింది పదేళ్ల తర్వాత, పద్మ పెళ్లి చూపుల రోజున.

ఆ రోజే మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. మాల తీసి కడిగి, ఎవరూ చూడకుండా ఫొటోకి పెట్టేసి, ఇంకో నాలుగేళ్లు తాగాను. అంతకుముందు ఎన్టీఆర్ 1995లో మద్యనిషేధం పెట్టినప్పుడూ అంతే. షాపులు మూతపడ్డాయి, నా నోరు మూతపడలేదు. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చే సరుకు ముందు దొరికేది మెకానిక్కులకే.

2003లో కామెర్లు వచ్చి ఆసుపత్రిలో పది రోజులు పడుకున్నా. ఇంటికొచ్చాక పగలంతా బాగానే ఉండేది. సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్లు చెప్పుల్లో దూరేవి. అలా అరుగు మీద చెప్పులతో కూర్చుని ఒకరోజు ఆలోచించా. మాలలో ఉండగా ఈ టైముకి ఇంత పీకులాట లేదే, ఎందుకని? అప్పుడు ఆరింటికి ఏం చేసేవాణ్ని? స్నానం. తర్వాత దీపం, భజన, ఉప్మానో ఇడ్లీనో. చుట్టూ పదిమంది. తొమ్మిదికి చాప. తాగేవాడి రోజంతా ఆరు నుంచి తొమ్మిదిలోనే ఉంటుంది శీనూ. దీక్షలో ఆ మూడు గంటల్లో మనకి ఖాళీ లేదు. మాలతోపాటు ఆ మూడు గంటల్నీ తీసి ఫొటోకి తగిలించేవాణ్ని నేను.

ఆ సాయంత్రం చెప్పులు విప్పి వెళ్లి రెండు చెంబులు నెత్తిన పోసుకున్నా. 22 ఏళ్లయింది, ఇప్పటికీ ఆరింటికి స్నానమే. నవ్వొస్తోందా? నవ్వుకో. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకున్నాక మళ్లీ షెడ్డు వెనక్కి పోవాలంటే మనసొప్పదు. అయిదున్నరకి కడుపులో ఏదో ఒకటి వేసేవాణ్ని, పునుగులో అరటిపండో. నాకు దాహం అనుకున్నదాంట్లో సగం ఆకలే. ఓనరుకి చెప్పి శనివారం కూలి మీ అత్తయ్య చేతికి ఇప్పించా. మహా నామోషీ అనిపించింది మొదట్లో. ఇంటికి వైన్ షాపు లేని దారిలో వచ్చేవాణ్ని, రెండు కిలోమీటర్లు ఎక్కువ. ఇంజన్ ఓవర్‌హాల్ చేసిన బండిని కొత్తలో ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కించం కదా. నీ ఫ్రెండ్స్‌ని వదిలెయ్యమని నేను చెప్పను, చెప్పినా వినవు. మొదటి ఏడాది మాత్రం వాళ్లని పొద్దున టీ దగ్గర కలువు. పర్మిట్ రూములో "నేను కూల్‌డ్రింక్ తాగుతూ కూర్చుంటా" అనే వీరత్వం వద్దు.

నేనూ మధ్యలో జారాను. 2005లో స్నేహితుడి పెద్దకర్మకి వెళ్లి ఒక క్వార్టర్. తెల్లారి లేచాక బుర్రలో ఒకటే మాట, "ఎలాగూ చెడింది, ఇంకెందుకు?" క్వార్టర్ కంటే ఆ మాట ప్రమాదం. అదృష్టం బాగుండి ఆ పొద్దున్నే ఆల్కహాలిక్స్ అనానిమస్ అని మందు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మీటింగులకి వెళ్లే ఒకాయన దగ్గరికి వెళ్లి చెప్పేశా. ఆయన తిట్టలేదు, పొగడలేదు. "సాయంత్రం స్నానం చేశావా నిన్న?" అనడిగాడు. చేయలేదు. నీకూ అలాంటి మనిషొకడు కావాలి. మీ ఆవిడని ఆ పనికి పెట్టకు. ఆ అమ్మాయి నీ జేబులు వాసన చూసి ఇప్పటికే అలిసిపోయింది.

నిన్ను తిట్టడానికి కాదురా ఇదంతా. నాకు 45 వచ్చేదాకా తట్టనిది నీకు 38కే తట్టింది. నీ పిల్లాడు ఒకటో తరగతి అనుకుంటా.

మాల తీసే రోజు ముందే చెప్పు. అత్తయ్యా నేనూ ముందురోజే రైలెక్కుతాం. ఆ సాయంత్రం షాపు అయిదింటికే కట్టేసి ఇంటికి రా. అత్తయ్య పునుగులు వేస్తుంది. అమ్మాయితో చెప్పి రెండు బకెట్లు నింపించు, నీకొకటి, నాకొకటి. నాది మాత్రం వేడినీళ్లు, ఈ వయసులో చన్నీళ్లు పడట్లేదు.

మీ
మావయ్య