రెండు రాజ్యాల హద్దులో చెరువు

వెస్ట్ మాంబళం, చెన్నై

అమ్మాయీ,

నువ్వు పంపిన ఇరవై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి సగంలో విసుగొచ్చి పక్కన పెట్టేశాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ‘వ్యవస్థ’ అనే మాట నలభై ఒక్కసారి వచ్చింది. ‘కుళ్ళిపోయింది’ పదిహేడుసార్లు. మనిషి పేరు ఒక్కటీ లేదు. ఓఎంఆర్‌ ఐటీ రోడ్డులో ఆఫీసనీ, పల్లికరణై చిత్తడి నేల మీదుగా రోజూ రెండు గంటల ప్రయాణమనీ ఫోన్లో చెప్పావు కదా, ఆ రోడ్డు కూడా ఇందులో లేదు.

కోప్పడకు. నీ వయసులో నేను ఇంతకన్నా ఘోరంగా రాశాను. మాది కడప వైపు పోరుమామిళ్ళ పక్క పల్లె. బ్రహ్మంగారి మఠం అక్కడికి ఎంతో దూరం కాదు. పాలల్లో నీళ్ళు కలిసినా, కోడలు ఎదురు చెప్పినా, ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడు’ అనేసి మా పెద్దవాళ్ళు మళ్ళీ వక్కాకు నమలడంలో పడేవాళ్ళు. ఆ మాటలో ఒక సుఖముంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మనం అరుగు మీంచి లేవాల్సిన పని లేదు. నా మొదటి పుస్తకం నిండా ఆ సుఖమే, కాకపోతే ఎర్ర అట్టతో వచ్చింది.

సమాజాలు ఎందుకు దిగజారతాయి, మనలాంటి మామూలు వాళ్ళం వాటిని మళ్ళీ నిలబెట్టగలమా అని చివరి పేజీలో అడిగావు. నాకు దగ్గరగా తెలిసినవి ఒక చెరువు, ఒక ఇంకుడు గుంత. వాటి గురించే చెప్తాను.

పోరుమామిళ్ళ చెరువు కట్టించింది విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు. 1369 నాటి సంస్కృత శాసనం రాతి పలకల మీద ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడనివి ఆరు అని లెక్కగట్టి మరీ చెక్కించారు. కట్టలోంచి నీళ్ళు ఊరడం ఒక దోషం. చవిటి నేల ఒకటి. చెరువు నడుమ తాబేటి డిప్పలా నేల ఉబ్బి ఉండటం ఇంకొకటి. ఇవి ఏ మేస్త్రీ అయినా చెప్తాడు. నన్ను ఆపేసిన దోషం వేరే ఉంది: చెరువు రెండు రాజ్యాల హద్దులో ఉండకూడదట.

పల్లెలో పుట్టినవాడికి దీని అర్థం విప్పి చెప్పక్కర్లేదు. గట్టు ఇద్దరిదైతే దాని మీద మొలిచిన కంప ఎవరూ కొట్టరు.

1565లో తళ్ళికోట దెబ్బకి విజయనగరం పోయింది. చెరువు మాత్రం ఇప్పటికీ ఉంది. అంటే రాజులు మారినా, శిస్తు వసూలు చేసేవాళ్ళు మారినా, ఏటా ఎవరో ఒకరు కట్ట మీద కంప కొట్టారు, తూము సరిచేశారు, పూడిక ఎత్తారు.

ఇక్కడ ‘ఆహా, ఆ రోజుల్లో ఊరంతా కలిసికట్టుగా’ అని రాసేస్తావేమోనని నా భయం. రాయకు. తూము తిప్పి మడి మడికీ నీళ్ళు పంచే నీరటి చాలా ఊళ్ళలో దళితుడే. ఈ తమిళ దేశంలోనూ అంతే. తట్ట ఎవరి నెత్తిన ఉండేది, నీళ్ళు ముందు ఎవరి మడికి పారేవి? ఇక్కడ చెరువు పనికి ఊరి జనం రావడాన్ని కుడిమరామత్తు అంటారు. దాని మీద ఇప్పుడు పాటలు కట్టేంత ప్రేమ కనిపిస్తుంది. కానీ 1858లో మద్రాసు ప్రాంతానికి, ఆచారం ప్రకారం చెరువు పనికి రావాల్సినవాళ్ళు రాకపోతే బలవంతాన రప్పించడానికి ఏకంగా చట్టమే వచ్చింది. సంతోషంగా వచ్చే జనానికి చట్టమెందుకమ్మా? అప్పటికి శిస్తంతా కంపెనీ పెట్టెలోకి పోతోంది. పని మాత్రం ఊరి మీదే ఉంది, అందులోనూ ఊరి చివర ఉండేవాళ్ళ మీద.

నాకు అర్థమైనంతలో దిగజారడమంటే ఇదే. మోసేవాడు వేరు, తాగేవాడు వేరు అయిపోవడం. పట్నం దారి దొరికిన రోజున మోసేవాడు తట్ట దించి బస్సెక్కుతాడు. ఊరు దాన్ని పతనమంటుంది. వాడికది విడుదల. నీ పేజీల్లో ‘పతనం’ వచ్చిన ప్రతిచోటా పక్కన ‘ఎవరికి?’ అని పెన్సిల్‌తో రాశాను, చూడు.

చెడ్డవాళ్ళ వల్లే అంతా పాడవుతుందన్న ఊహ కూడా వదులుకో. నా ఇంటికి దగ్గర్లో లేక్ వ్యూ రోడ్డు ఉంది. లేక్ లేదు. 1920ల్లో మాంబళం చెరువును ఎండగట్టి టి.నగర్ కట్టారు. పేటకు పేరు త్యాగరాయ చెట్టిది, పార్కుకు పేరు పానగల్ రాజాది. ఇద్దరూ మన భాషవాళ్ళే, ఇద్దరూ అప్పట్లో మద్రాసును ఏలిన జస్టిస్ పార్టీ పెద్దలు. పెరిగే పట్నానికి ఇళ్ళు కావాలనుకోవడం దుర్మార్గమేం కాదు. 2015 డిసెంబరు వరదలో మా కింది ఫ్లాట్ల వాళ్ళు ఫ్రిజ్‌ను డైనింగ్ టేబుల్ మీదికి ఎక్కిస్తుంటే నేను మెట్ల మీద నిలబడి ఆ మంచివాళ్ళ గురించే ఆలోచించాను.

ఇక గుంత సంగతి. 2003లో ఇక్కడి ప్రభుత్వం ప్రతి భవనానికీ వాన నీటిని ఇంకించే ఏర్పాటు తప్పనిసరి చేసింది. మా ఏ బ్లాకుకీ బి బ్లాకుకీ వేరువేరు అసోసియేషన్లు. రెండు డాబాల పైపులూ ఒకే గుంతలోకి దింపారు, సరిగ్గా రెండు బ్లాకుల నడుమ. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పదహారేళ్ళు ఆ సిమెంటు మూత ఎవరూ లేపలేదు. మాది కాదని వాళ్ళు, వాళ్ళదని మేము. దాని మీద స్కూటర్లు పెట్టుకునేవాళ్ళం.

2019 వేసవి నీకు గుర్తుండే ఉంటుంది. చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులన్నీ అడుగంటాయి. జూలైలో జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలు వచ్చింది, 25 లక్షల లీటర్లతో. మా బోరు గాలి కక్కుతోంది. ట్యాంకర్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియదు. నేను బాల్కనీలో కూర్చుని ‘నీరూ నాగరికతా’ అని వ్యాసం రాస్తున్నాను. కింద గడ్డపార చప్పుడు.

మూడో అంతస్తు మామి. బ్యాంకులో రిటైరయిన మనిషి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, వాచ్‌మన్‌తో కలిసి మూత లేపుతోంది. లోపల అంచుదాకా గట్టిపడిన మట్టి. అందులో పాల కవర్లు, ఈకలూడిన షటిల్ కాక్ ఒకటి, పిల్లల స్టీలు చెంచా. అడుగున ఎక్కడో ఉండాల్సిన కంకర, ముతక ఇసుక కనిపించడానికి గంట పట్టింది. ‘ఎవర్నడిగి తెరిచారు?’ అంటూ బి బ్లాకు సెక్రటరీ వచ్చాడు. పదహారేళ్ళలో ఆ గుంత తమదేనన్నట్టు వాళ్ళు మాట్లాడటం అదే మొదటిసారి! ‘ఐదొందలిస్తే ఎవడో ఒకడు దిగుతాడు, మీకెందుకండీ’ అన్నాడు. ‘ఆ ఐదొందలూ నాకే ఇవ్వండి’ అని మామి పార చేతిలోకి తీసుకుంది.

ఆ ‘ఎవడో ఒకడు’ ఎవడో మాకందరికీ తెలుసు. పోరుమామిళ్ళలో తట్ట మోసినవాడి మనవడే అయ్యుంటాడు. మామి ఆ మాట అనలేదు, ఆమెకి ఉపన్యాసాలు రావు. కాసేపటికి బి బ్లాకు నుంచి లుంగీతో ఒకాయన తట్ట పట్టుకొచ్చాడు. నేనూ దిగాను. మూడు తట్టలు మోసి, నడుం పట్టేసి, పైకొచ్చి పడుకున్నాను. కాబట్టి నన్ను పొగుడుతూ కథేం రాయకు.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. బోరులో నీళ్ళు గుంత వల్ల పెరిగాయా, వానల వల్లా అంటే చెప్పలేను. తేడా ఒక్కటే చెప్పగలను. రెండు బ్లాకులకీ కలిపి ఒక నోటు పుస్తకం పుట్టింది. ఏటా ఈశాన్య రుతుపవనానికి ముందు మూత తెరిచిన తేదీ, ఎవరు వచ్చారు, ఎంత ఖర్చు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక ఏడు మామి చేతిరాత, మరుసటేడు లుంగీ ఆయనది.

దీనితో చెన్నై బాగుపడిందా అంటే లేదు. 2021 నవంబరులో మా వీధిలో మళ్ళీ మోకాళ్ళ లోతు. వీధి కాలువ పార పట్టి తవ్వుకునేది కాదు, దానికి కార్పొరేషన్ని కదిలించాలి, ఆ పని మాకింకా చేతకాలేదు. చేతనైనవాళ్ళు లేకపోలేదు. నువ్వు రోజూ దాటే పల్లికరణై చిత్తడి నేల ఒకప్పటి దాంట్లో దాదాపు పదో వంతే మిగిలింది. ఆ కాస్తయినా మిగలడం వెనక పక్షుల్ని లెక్కపెట్టినవాళ్ళు, అర్జీలు పెట్టినవాళ్ళు, కోర్టు మెట్లెక్కినవాళ్ళు ఉన్నారు. 2007లో కొంత భాగం రిజర్వు ఫారెస్టయింది, 2022లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలలను గుర్తించే రామ్‌సర్ జాబితాకెక్కింది. పెరుంగుడి చెత్త దిబ్బ మాత్రం పక్కనే ఉంది. రెండూ బస్సు కిటికీలోంచే కనిపిస్తాయి. దయచేసి ఫోన్ జేబులో పెట్టి చూడు.

నీ రాతలో నా పెన్సిల్ మెచ్చుకుని ఆగింది ఒక్కచోటే, పద్నాలుగో పేజీలో. మీ ఆఫీసు పాంట్రీలో కారే కుళాయి కింద రోజూ రాత్రి బకెట్ పెట్టి వెళ్ళే హౌస్‌కీపింగ్ ఆవిడ. రెండంటే రెండు వాక్యాలు రాసి మళ్ళీ వ్యవస్థ మీద పడ్డావు. ఆవిడ ఏ ఊరి నుంచి వస్తుంది? పొద్దున నిండిన బకెట్ ఏం చేస్తారు? కుళాయి బాగుచేయించమని ఎవరికైనా చెప్పిందా, చెప్తే ఏమన్నారు? మిగతా ఇరవై ఒక్క పేజీలూ తీసెయ్. ఆవిడ పేరు కనుక్కో.

ఇంకొకటి చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. మామి రెండేళ్ళ కిందట కొడుకు దగ్గరికి పుణే వెళ్ళిపోయింది. పోయినేడు గుంత తెరవలేదు. నోటు పుస్తకంలో ఆ ఏడు లేదు. నేను ఇక్కడే ఉన్నాను. ఏదో కాలేజీలో పౌర బాధ్యత మీద ప్రసంగం తయారు చేసుకుంటూ మర్చిపోయాను.

వచ్చే ఆదివారం తెరుస్తున్నాం. గడ్డపార వాచ్‌మన్ దగ్గరుంది. బి బ్లాకు సెక్రటరీకి కబురు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఎనిమిదింటికల్లా రా, మాంబళం స్టేషన్లో దిగితే నడిచే దూరమే. పాత బట్టలు వేసుకో. పద్నాలుగో పేజీ తెచ్చుకో.

ఉంటాను.