పెట్టె విప్పకముందే గది చూసుకో

చిన్నా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే తెలిసిపోయింది, ఆ హోటల్ గదిలో రాత్రంతా నిద్ర లేదని. ఏసీ మోత, తడి కార్పెట్ వాసన, తెల్లారితే క్లయింట్ మీటింగ్. "ఒక్క రాత్రేగా, సర్దుకుపోదామనుకున్నా పెదనాన్నా" అన్నావు. నేనూ చాలా ఏళ్లు అలాగే సర్దుకున్నాను. ఒకసారి ఏసీలోంచి నీళ్లు కారుతుంటే కింద చెత్తబుట్ట పెట్టి, అందులో చుక్క పడ్డప్పుడల్లా ఉలిక్కిపడుతూ తెల్లవార్లూ మేలుకున్నాను. మర్నాడు మీటింగ్‌లో నేను వేసిన లెక్కలే నాకు గుర్తురాలేదు. ఖాళీ చేసేటప్పుడు చెబితే, "రాత్రే చెప్పుంటే గది మార్చేవాళ్లం కదండీ" అన్నారు.

అందుకే చెబుతున్నా. గదిలోకి వెళ్లగానే పెట్టె మంచం మీద పెట్టకు, బాత్రూమ్‌లో పెట్టు. తలవైపు దుప్పటి లేపి, పరుపు అంచు కుట్టు వెంట ఫోన్ లైటు వేసి చూడు. పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలుంటే నల్లులున్నాయని అనుమానించు. పక్క గది ఇస్తామన్నా ఒప్పుకోకు. అవి గోడ సందుల్లోంచి, ప్లగ్ బోర్డుల వెనకనుంచి పక్కకు పాకుతాయి. తర్వాత ఏసీ, వేణ్ణీళ్లు, తలుపు గడియ, వైఫై. అంతా కలిపి ఐదు నిమిషాలు.

ఏది బాగోకపోయినా ఫోటో తీసి, వెంటనే కిందికెళ్లి డ్యూటీ మేనేజర్‌తో మాట్లాడు. కోపం వద్దు. "పొద్దున మీటింగ్ ఉంది, నాకు నిద్ర కావాలి, గది మార్చండి" అని నిదానంగా అడుగు. పొద్దుపోయేకొద్దీ ఖాళీ గదులు తగ్గిపోతాయి. నువ్వు చేరడమే ఆలస్యమయ్యేలా ఉంటే దారిలోంచే ఫోన్ చేసి చెప్పు. ఉన్నవాటికంటే ఎక్కువ గదులు బుక్ చేసుకునే హోటళ్లు, రాడేమోనని నీ గది ఇంకొకరికి ఇచ్చేస్తాయి.

అసలు కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పలచగానే ఉంటుంది. 2016లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు చూసిందేమిటంటే, ఆ రాత్రి గాఢనిద్రలో కూడా మెదడు ఎడమవైపు చప్పుళ్లకు కాపలా కాస్తూనే ఉంటుందట. కాబట్టి లిఫ్టుకు దూరంగా, రోడ్డు వైపు కాని గది ముందే అడుగు. మరీ పెద్ద మీటింగైతే, వీలుంటే ఒకరోజు ముందే వెళ్లు.

డబ్బు కంపెనీదే కదా అని ఊరుకోకు నాన్నా, పోయిన నిద్ర నీది. ఆ గది ఫోటోలు తీసుంటే, బిల్లుతో కలిపి ఈ వారమే మీ ట్రావెల్ డెస్క్‌కు మెయిల్ పెట్టు. వచ్చే నెల మీవాళ్లు ఇంకెవరినో అక్కడికే పంపుతారు.

పెదనాన్న