కింద చిక్కు, పైన తప్పు

కుట్టు మిషన్ దగ్గరా బొంతల పనిలోనూ చెయ్యి అలవాటుగా చేసేసే పొరపాట్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. చాలా ప్రశ్నల్లో తప్పు ఒకచోట జరిగితే, దాని గుర్తు ఇంకోచోట కనిపిస్తోంది. అందుకే ముందుగా ఎక్కువమంది అడిగినదాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: పైవైపు కుట్టు బాగానే ఉంటుంది. గుడ్డ తిప్పి చూస్తే కిందంతా దారం ఉండలు. బాబిన్ (కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రం) పెట్టే కేసు స్క్రూ బిగించాను, వదులు చేశాను, బాబిన్ కూడా మార్చాను. ఏం లాభం లేదు. మిషన్ పాడైందంటారా?

జవాబు: ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. కింద కనిపిస్తున్న ఆ ఉచ్చులు కింది దారానివి కావు, పై దారానివి. నమ్మకం కుదరకపోతే పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి ఓ జానెడు కుట్టండి. గుడ్డ వెనక ఉండ కట్టినది ఎర్ర దారమేనని తెలిసిపోతుంది. అంటే పై దారాన్ని పట్టి ఉంచాల్సిన టెన్షన్ బిళ్ళలు దాన్ని వదిలేస్తున్నాయన్నమాట.

ఎందుకు వదిలేస్తున్నాయంటే, ఎక్కువసార్లు కారణం ఫుట్, అంటే గుడ్డను పైనుంచి నొక్కిపట్టే పాదం, దించి ఉంచి దారం ఎక్కించడం. ఫుట్ కిందికి ఉన్నప్పుడు బిళ్ళలు రెండూ ఒకదానికొకటి నొక్కుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకు దిగలేక అంచుమీదే ఉండిపోతుంది. ఫుట్ ఎత్తితే బిళ్ళలు విడతాయి. అందుకని ఫుట్ ఎత్తండి. చేతి చక్రాన్ని మీవైపుకు తిప్పి, దారం లాగే మీటను పూర్తిగా పైకి తెచ్చుకోండి. పై దారం మొత్తం తీసేసి మొదటినుంచి ఎక్కించండి. సూది బెజ్జంలో దూర్చేముందు ఒక పరీక్ష చెయ్యండి. ఫుట్ ఎత్తి ఉంచి దారం లాగితే సులువుగా రావాలి, ఫుట్ దించి లాగితే బిగిసి పట్టుకోవాలి. దించాక కూడా జారుతూనే ఉంటే దారం ఇంకా బిళ్ళల బయటే ఉంది.

ఉండ కుట్టు మొదట్లో మాత్రమే పడి తర్వాత సర్దుకుంటే అది వేరే అలవాటు. రెండు దారాల కొసలు నాలుగేసి అంగుళాలు వదిలి ఫుట్ కిందుగా వెనక్కి తీసి, మొదటి మూడు నాలుగు కుట్లు పడేదాకా వేళ్ళతో పట్టుకోండి. పట్టుకోకపోతే కొసలు కిందికి లాక్కుపోయి అక్కడే చుట్టుకుంటాయి.

ఇక మీరు తిప్పేసిన ఆ స్క్రూ సంగతి. బయటికి వచ్చే ఇనప బాబిన్ కేసు అయితే, బాబిన్ వేసి దారం కొస పట్టుకుని వేలాడదీయండి. చేతిని ఒక్కసారి కుదిపితే కేసు ఒకటి రెండు అంగుళాలు జారి ఆగిపోవాలి. కుదపకుండానే జరజరా దిగిపోతే వదులు, కుదిపినా కదలకపోతే బిగుతు. సరిచేసేటప్పుడు గడియారం ముల్లు ఐదు నిమిషాల్లో తిరిగేటంత మేరకే స్క్రూ తిప్పి, మళ్ళీ వేలాడదీసి చూడండి. కింద ఒక గిన్నె పెట్టుకోండి. ఆ స్క్రూ బియ్యపుగింజంత ఉంటుంది, ఊడి పడితే వెతకడం కష్టం. ఇకముందు తిప్పాల్సి వస్తే, ముందుగా దాని గాడి ఎటు చూస్తోందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: సూది విరిగితేనే మారుస్తాను. అంతకుముందే మార్చడం దండగ కాదా?

జవాబు: విరగని సూది కూడా అరుగుతుంది. ఎనిమిది గంటల కుట్టు అయ్యాక, లేదా ఒక పెద్ద పని పూర్తయ్యాక, మార్చేయడం మంచిది. మొన అరిగిన సూది గుడ్డను పొడిచేటప్పుడు టక్ టక్‌మని చప్పుడు చేస్తుంది. నేత పోగులను పక్కకు తప్పించలేక లాగేస్తుంది, కుట్లు వదిలేస్తుంది. పల్చటి సిల్కు మీద అయితే కుట్టుకు అడ్డంగా గీతలు పడతాయి. ఆ గీతలు ఇస్త్రీకి పోవు.

సైజు కూడా చూసుకోండి. పల్చటి గుడ్డకు 70, మామూలు నూలుకు 80, బొంత మూడు పొరలకు 90, జీన్స్‌కు 100. సాగే అల్లిక గుడ్డకు మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూదే వాడాలి. మామూలు సూది ఆ గుడ్డ అల్లికను తెంపేస్తుంది, ఉతికాక అక్కడ చిల్లు పడుతుంది. కొత్త సూది పెట్టీపెట్టగానే కుట్లు తప్పుతున్నాయంటే అది పూర్తిగా పైదాకా దూరలేదు, లేదా తిరగేసి పెట్టారు. సూదికి ఒకవైపు పొడుగు గాడి ఉంటుంది. దారం ఏవైపునుంచి బెజ్జంలోకి వెళ్తుందో ఆ గాడి ఆవైపే ఉండాలి.

ప్రశ్న: మందంగా ఉన్నచోట గుడ్డ కదలదు. వెనకనుంచి చేత్తో లాగుతాను. వారానికో సూది విరుగుతోంది.

జవాబు: లాగడమే విరగ్గొడుతోంది. కింది పళ్ళు గుడ్డను జరిపేది సూది పైకి లేచి ఉన్నప్పుడు. మీరు లాగేది సూది గుడ్డలో ఉన్నప్పుడు కూడా. అప్పుడు సూది వంగి, తను దిగాల్సిన బెజ్జం పక్కన ప్లేటుకు తగులుతుంది. తగిలిన ప్రతిసారీ ప్లేటు మీద చిన్న గరుకు లేస్తుంది. తర్వాత కారణం తెలియకుండా దారం తెగుతూ ఉంటుంది. ప్లేటు బెజ్జం చుట్టూ గోటితో రాసి చూడండి. గోరు పట్టుకుంటే సన్న ఎమరీ కాగితంతో నునుపు చెయ్యాలి, లేదా ప్లేటు మార్చాలి.

మందం దగ్గర గుడ్డ ఆగిపోవడానికి కారణం ఫుట్ ముక్కు పైకి లేవడం. మందపు అంచు ఎక్కేటప్పుడు ఫుట్ వెనక్కి వాలి, పళ్ళకు గుడ్డ మీద పట్టు తప్పుతుంది. అంతే మందం ఉన్న గుడ్డ మడతనో అట్టముక్కనో ఫుట్ మడమ కింద పెట్టి సమం చెయ్యండి. ఆ నాలుగు కుట్లు చేతి చక్రంతో వెయ్యండి. చక్రం ఎప్పుడూ మీవైపుకే తిరగాలి, వెనక్కి తిప్పితే దారం హుక్కుకు, అంటే బాబిన్ దగ్గర తిరుగుతూ పై దారాన్ని పట్టే కొక్కేనికి, చుట్టుకుంటుంది.

గుండుసూదుల మీదుగా కుట్టే అలవాటు కూడా ఉంటే ఇప్పుడే మానండి. వంద గుండుసూదుల మీదుగా సాఫీగా పోవచ్చు, నూటొకటోది సూదికి తగిలితే విరిగిన మొన కంటివైపుకు ఎగరొచ్చు, సూదితో హుక్కు కలిసే సమయం (టైమింగ్) కూడా తప్పొచ్చు. ఫుట్ దగ్గరికి రాగానే ఆగి, తీసి, ముందుకు వెళ్ళండి.

ప్రశ్న: చతురస్రపు ముక్కలన్నీ కొలిచే కోశాను. అయినా బొంత వరసలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఒక వరస పొడుగు, ఒకటి పొట్టి.

జవాబు: కోతలో తేడా లేకపోతే తేడా కుట్టు మార్జిన్‌లో, అంటే గుడ్డ అంచుకూ కుట్టుకూ మధ్య వదిలే దూరంలో, ఉంది. ఈ లెక్క చూడండి. 12 ముక్కల వరసలో 11 అతుకులు. ఒక్కో అతుకు దగ్గర మార్జిన్ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకున్నారనుకోండి. అది అటు ముక్కలోనూ ఇటు ముక్కలోనూ పోతుంది కాబట్టి అతుకుకు ఎనిమిదో వంతు. మొత్తం 1.375 అంగుళాలు, అంటే ఒకటింబావు పైమాటే. ఒక వరస ఉదయం జాగ్రత్తగా, ఇంకోటి రాత్రి నిద్రకళ్ళతో కుట్టి ఉంటే రెండూ ఎలా కలుస్తాయి?

బొంత పనిలో మార్జిన్ పావు అంగుళం. మీ పావు అంగుళం నిజంగా పావు అంగుళమేనా అని తేల్చుకోవడానికి, ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు కోసి పక్కపక్కన అతకండి. అతుకులు ఇస్త్రీ చేసి కొలవండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం, మొత్తం మూడున్నర అంగుళాలు రావాలి. తక్కువొస్తే మార్జిన్ ఎక్కువవుతోంది. ఎక్కువమందికి తక్కువే వస్తుంది, ఎందుకంటే అతుకు మడత తిరిగే దగ్గర దారమూ గుడ్డ మందమూ కొంత మింగేస్తాయి. అందుకే బొంత పనివాళ్ళు పావు అంగుళానికి ఒకటి రెండు పోగులు లోపే కుడతారు. సరైన చోటు దొరికాక ప్లేటు మీద అక్కడ టేపు అంటించండి, గుడ్డ అంచు దాని వెంట నడిపించండి. చూడాల్సింది సూదిని కాదు, ఆ టేపునే.

రెండో దొంగ ఇస్త్రీపెట్టె. చొక్కా ఇస్త్రీ చేసినట్టు ముందుకూ వెనక్కూ తోస్తే ముక్కలు సాగుతాయి, ఐమూలగా కోసిన త్రిభుజాలైతే మరీనూ. అతుకు విప్పకముందే కుట్టు మీద పెట్టెను ఒకసారి ఆనించి ఎత్తండి. తర్వాత విప్పి, ముదురు రంగువైపుకు మడిచి, మళ్ళీ ఆనించి ఎత్తండి. ఆవిరి వాడితే గుడ్డ పూర్తిగా ఆరేదాకా కదపకండి. పక్క వరస అతుకులను ఈ వరస అతుకులు తిరిగిన దిశకు ఎదురుగా మడిస్తే, కలిపి కుట్టేటప్పుడు రెండు మడతలూ ఒకదానికొకటి ఆనుకుని మూలలు చక్కగా కుదురుతాయి.

ప్రశ్న: బొంత మధ్యభాగం చదునుగానే ఉంది. చుట్టూ అంచు పట్టీలు వేశాక అంచులు అలలు అలలుగా లేచాయి. క్విల్టింగ్ (పొరలన్నీ కలిపి కుట్టడం) చేస్తే సర్దుకుంటుందా?

జవాబు: సర్దుకోదు, ఆ అల మడతగా మారి కుట్టులో చిక్కుకుంటుంది. ఇప్పుడే విప్పండి. పొడుగు పట్టీ తీసుకుని ఒక చివరనుంచి కుట్టుకుంటూ పోయి, మిగిలింది కత్తిరించారు కదూ? కుడుతున్నంతసేపూ పై పట్టీ కొద్దికొద్దిగా సాగుతుంది. కిందున్న బొంత అంచు కూడా అప్పటికే చేతులు పడి సాగి ఉంటుంది. ఆ రెండు సాగుళ్ళూ కలిసి అల అవుతాయి.

అంచును కొలవకండి, మధ్యను కొలవండి. బొంత మధ్యలో ఒకసారి, రెండు చివర్లకు కాస్త లోపలగా చెరోసారి కొలిచి, మూడింటి సగటు తీసి, రెండు పట్టీలూ అదే కొలతకు కోయండి. పట్టీనీ బొంత అంచునూ సగానికి, మళ్ళీ సగానికి మడిచి గుర్తులు పెట్టండి. గుర్తుకు గుర్తు కలిపి పిన్నులు పెట్టాక కుట్టండి. రెండింటిలో కాస్త పొడుగ్గా ఉన్నదాన్ని కిందవైపు, అంటే పళ్ళవైపు ఉంచితే పళ్ళు దాన్ని సర్దుతాయి. మూడు కొలతల మధ్య తేడా అర అంగుళం దాటితే మాత్రం పట్టీలు ఆపండి, తప్పు లోపలి అతుకుల్లో ఉంది.

ప్రశ్న: బొంత వెనక గుడ్డ మీద చిన్న చిన్న మడతలు కుట్టులో పడిపోతున్నాయి. ముందువైపు మాత్రం అందంగా ఉంది.

జవాబు: కుట్టేముందు పొరలను తాత్కాలికంగా కలిపి పట్టి ఉంచే దగ్గర తొందరపడ్డారు. వెనక గుడ్డను నేలమీదో బల్లమీదో తిరగేసి పరిచి, అంచులు టేపుతో అంటించండి. ముడత లేకుండా ఉండాలి, అలాగని సాగదీయకూడదు. సాగదీస్తే టేపు తీయగానే ముడుచుకుంటుంది. దానిమీద దూది పొర, ఆపైన బొంత ముఖం. కింది రెండూ ముఖం కంటే నాలుగు వైపులా మూడు నాలుగు అంగుళాలు పెద్దగా ఉండాలి. పిన్నీసులు మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి, బెత్తెడుకొకటి చొప్పున పెట్టాలి. మూలకొకటి, మధ్యలో ఒకటి పెట్టి అయిందనిపించుకుంటే కుట్టేటప్పుడు పొరలు దేని దారిన అది పోతాయి.

మిషన్ మీద వాకింగ్ ఫుట్ వేసి, కుట్టు పొడుగు 3 మిల్లీమీటర్లకు పెంచండి. మామూలు ఫుట్ పై పొరను ఆపుతుంది, పళ్ళు కింది పొరను తోస్తాయి. వాకింగ్ ఫుట్ రెండింటినీ కలిపి నడిపిస్తుంది. పక్కపక్క గీతలు ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి కుట్టకండి, మధ్య గుడ్డ మెలిపడుతుంది. దూది పొర ప్యాకెట్ మీద కుట్టు గీతల మధ్య గరిష్ఠ దూరం రాసి ఉంటుంది. అది దాటితే ఉతికాక దూది ముద్దకడుతుంది.

ప్రశ్న: మిషన్‌కు వంటనూనె వేస్తే ఏమవుతుంది?

జవాబు: ఆరి జిగురవుతుంది. చేతి చక్రం బరువెక్కుతుంది. మిషన్ నూనె మాత్రమే, అదీ చుక్క చొప్పున వెయ్యండి. నూనెకు ముందు బాబిన్ కింది నూగును బ్రష్‌తో తీయండి, నోటితో ఊదితే అది లోపలికే పోతుంది. నూనె వేశాక పాత గుడ్డపీలిక మీద కాసేపు కుట్టండి. కొన్ని కొత్త మిషన్లకు నూనె అక్కర్లేదు, వాటి పుస్తకం చూశాకే డబ్బా తీయండి.

ప్రశ్న: చేత్తో కుట్టేటప్పుడు దారం మాటిమాటికీ ముడిపడుతోంది. మళ్ళీమళ్ళీ ఎక్కించే బాధ లేకుండా రెండు బారలు తీసుకుంటాను.

జవాబు: మూరెడు చాలు. పొడుగు దారం గుడ్డలోంచి ఎక్కువసార్లు దూరి నూగులేస్తుంది, మెలితిరుగుతుంది, ముడిపడుతుంది. రీలునుంచి ముందుగా వచ్చిన కొసనే సూదిలోకి ఎక్కించి, రీలు దగ్గర తెంపిన కొసకు ముడివేయండి. అప్పుడప్పుడూ సూదిని వదిలేసి గాలిలో వేలాడదీస్తే మెలి దానంతటదే విప్పుకుంటుంది.