సినగాగ్‌లో పెద్దవాళ్ల తోరా చదువుకి మనం వెళ్లొచ్చా?

మీ ప్రశ్న చదివానండీ. అబ్బాయి యూదుల అమ్మాయిని చేసుకోబోతున్నాడు, కాబోయే వియ్యాలవారు వాళ్ల ప్రార్థనాలయమైన సినగాగ్‌లో శనివారం పొద్దున పెద్దవాళ్లకి జరిగే తోరా (వాళ్ల పవిత్ర గ్రంథం) చదువుకి మిమ్మల్ని రమ్మన్నారు. మీకు 55 ఏళ్లు, హీబ్రూ రాదు, మతం మారమంటారేమోనని టెన్షన్. వెళ్లండి. మా అమ్మాయి పెళ్లయినప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, న్యూజెర్సీలో అలాంటి క్లాసుకే వెళ్తున్నాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ముందు మతం సంగతి. యూదులు ఎవర్నీ తమ మతంలోకి రమ్మని పిలవరు. ఎవరైనా తమంతట తామే వచ్చి మారతామన్నా మూడుసార్లు వెనక్కి పంపాలన్నది పాత ఆచారం. ఆ తర్వాత కూడా నెలల తరబడి చదివిస్తారు. ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ ఆ మాట అడగలేదు. ఒక్క విషయం మాత్రం దాచను. మా వియ్యాలవారి సినగాగ్ కన్సర్వేటివ్ శాఖది. ఆ శాఖ రబ్బీలు, అంటే మతగురువులు, యూదులు కానివాళ్లతో పెళ్లి జరిపించరు. మా అమ్మాయి పెళ్లికి బయటి నుంచి రిఫార్మ్ అనే ఇంకో శాఖ రబ్బీని పిలుచుకోవాల్సి వచ్చింది. అప్పుడు చాలా బాధపడ్డాను, ఆ బాధ పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేను. కానీ పెళ్లి చేయించలేనన్న ఆ రబ్బీగారే చదువుకునే బల్ల దగ్గర తన పక్కన నాకు కుర్చీ వేశారు. మీ వియ్యాలవారిది ఏ శాఖో ముందే కనుక్కోండి, చాలా విషయాలు దాన్నిబట్టే ఉంటాయి.

ఇక వయసు. రబ్బీ అకీవా అని వాళ్ల పండితుల్లో చాలా పెద్దాయన. 40 ఏళ్లు వచ్చేదాకా ఆయనకి అక్షరం ముక్క రాదట. కొడుకుతో కలిసి బడికి వెళ్లి, పలకకి ఒక అంచు తనూ ఇంకో అంచు కొడుకూ పట్టుకుని అక్షరాలు దిద్దారని కథ. మా క్లాసులో నాకంటే చిన్నవాళ్లు ఇద్దరే. హీబ్రూ గురించి కూడా అంత భయం వద్దు. అక్కడ చాలామందికి చదవడం వచ్చు, అర్థం తెలియదు. బార్ మిట్జ్వా అనే వేడుక కోసం 13 ఏళ్లకి కంఠస్థం చేసి అక్కడితో వదిలేసినవాళ్లే ఎక్కువ. మన ఇళ్లలో విష్ణు సహస్రనామం గడగడా చెప్పేసి, ఒక్క నామానికి అర్థం అడిగితే ఆగిపోయేవాళ్లు లేరూ? అలాగే. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఉద్యోగం అయిపోయాక, భర్తో భార్యో పోయాక, ఆ అర్థం వెతుక్కుంటూ మళ్లీ వస్తారు.

క్లాసు ఎలా జరుగుతుందంటే, తోరా అంటే మోషే ఐదు పుస్తకాలు. వాటిని 54 భాగాలుగా చేసి ఏడాదిలో పూర్తిచేస్తారు. శరదృతువులో సిమ్హత్ తోరా పండుగ రోజున చివరి భాగం చదివి, అదే రోజు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. కాబట్టి మీరు ఏ వారం వెళ్లినా కథ మధ్యలోకే వెళ్తారు, అందరూ అలాగే వచ్చారు. చేతికి లావుపాటి పుస్తకం ఇస్తారు. హీబ్రూ, పక్కనే ఇంగ్లిష్, కింద వ్యాఖ్యానం. రబ్బీగారు నాలుగు వాక్యాలు ఎవరిచేతనైనా చదివించి ఆపేస్తారు. ఇక ప్రశ్నలు మొదలు. గంటన్నరలో ఆరు వాక్యాలు దాటని రోజులున్నాయి. మధ్యలో ఇద్దరిద్దరిగా విడిపోయి చదవమంటారు. దాన్ని హవ్రూతా అంటారు. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు అడ్డు తగలాలి. నా జోడీ 80 దాటిన ఆవిడ, ఒకప్పుడు మందుల షాపు నడిపారు. చెవి సరిగా వినపడదు కాబట్టి గట్టిగా చదవాలి. గట్టిగా చదివితే వాక్యం ఎక్కడ తేడాగా ఉందో మనకే తెలిసిపోతుంది, ఈ సంగతి ఆవిడ వల్లే గ్రహించాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. నేను మార్చిలో మొదలుపెట్టాను. జులైలో సంఖ్యాకాండంలోని పీనహాస్ భాగం వచ్చింది. అందులో సెలోపెహాదు అనే ఆయనకి ఐదుగురు కూతుళ్లు, కొడుకులు లేరు. తండ్రి పోయాక ఆ ఐదుగురూ వాళ్ల నాయకుడు మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడి, కొడుకు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ భూమి ఇవ్వండి అంటారు. మోషేకి ఏం చెప్పాలో తోచదు, దేవుణ్ణి అడుగుతాడు. వాళ్లు చెప్పింది న్యాయమే, ఇవ్వమంటాడు దేవుడు. అయితే అదే పుస్తకం చివరికొచ్చేసరికి సెలోపెహాదు గోత్రం (మన గోత్రం కాదు, తెగ అని) పెద్దలు వచ్చి, వీళ్లు బయటివాళ్లని చేసుకుంటే మా భూమి వేరే గోత్రానికి పోతుందంటారు. అప్పుడు, సొంత గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలని షరతు పడుతుంది.

నాకు గుండె దడదడలాడింది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అక్క పెళ్లి 1984 వేసవిలో అయింది, నాది 1988లో. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకి వర్తించదు. నాకు హక్కు వచ్చింది, అక్కకి రాలేదు. పెళ్లి షరతు లేకుండా దేశమంతటికీ 2005లో సవరణ వచ్చింది గానీ, అప్పటికే మా పొలం పంపకాలు రిజిస్టరైపోయాయి. ఆడపిల్లకిస్తే పొలం పరాయి ఇంటికి పోతుందని మా తాతగారు అరుగు మీద కూర్చుని అనడం చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను. ఆ గోత్రం పెద్దల మాట, మా తాతగారి మాట, రెండూ ఒకటే.

నాలుగు నెలలుగా నోరు విప్పని నేను ఆ రోజు ఇదంతా చెప్పేశాను. వచ్చీరాని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఆగి ఆగి. ఎవరూ అడ్డు రాలేదు. రబ్బీగారు ఒక్కటే అడిగారు, "మీ అక్కగారు ఏమన్నారు?" అని. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో అక్కని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అప్పుడు నా జోడీ ఆవిడ పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆ వాక్యానికి రాషి రాసిన వ్యాఖ్య చదివారు. రాషి అంటే 900 ఏళ్ల కిందటి ఫ్రాన్స్ పండితుడు. మోషే కన్ను చూడనిది ఆ ఆడపిల్లల కన్ను చూసింది అని రాశాడాయన. ఆవిడ రెండుసార్లు చదివారు, రెండోసారి నా వైపు చూసి.

రాసుకుందామని పెన్ను తీయబోయి ఆగాను. సబ్బాతు రోజున, అంటే శనివారం వాళ్ల విశ్రాంతి దినాన, అక్కడ రాయకూడదు, ఫోన్ తీయకూడదు. ఈ సంగతి మొదటి వారమే తెలుసుకున్నాను. నోట్సు తెరవగానే పక్కాయన నా చేతి మీద మెల్లగా చెయ్యి వేసి, గుర్తుపెట్టుకోండి చాలు అన్నారు. ఆ వాక్యం అలాగే గుర్తుపెట్టుకుని, ఆ రాత్రి అక్కకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున. కథంతా విని, ఆ ఐదుగురి పేర్లేంటని అడిగింది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మళ్లీ చెప్పమంది. చాలాసేపు ఊరుకుని, "నన్ను అడిగితే బావుండేదే" అంది.

ఇక వెళ్లేముందు చూసుకోవాల్సినవి. ఆఫీసుకి ముందే ఫోన్ చేసి మీ పేరు ఇవ్వండి. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపిన దగ్గర్నుంచి మా దగ్గర గుమ్మంలో గార్డు ఉంటాడు, కొత్తవాళ్లని ఆపి అడుగుతాడు. తప్పుగా అనుకోవద్దు, వాళ్ల భయం వాళ్లది. ఒట్టి చేతులతో ఎలా వెళ్లడమని ఇంట్లో వండినవి పట్టుకెళ్లకండి. కోషర్ అనే ఆహార నియమాలున్న చోట అవి బల్ల మీద పెట్టలేరు. నేను డబ్బా నిండా కజ్జికాయలు తీసుకెళ్తే, వాళ్లు మొహమాటపడుతూనే వెనక్కిచ్చారు. ప్యాకెట్ మీద కోషర్ గుర్తున్నవి కొని తీసుకెళ్తే సరిపోతుంది, అదీ ముందు అడిగి. పుస్తకం చేయి జారి కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు. మనం కళ్లకద్దుకున్నట్టే.

ఆ వారం భాగం ఏదో కనుక్కుని, శుక్రవారమే తెలుగు బైబిల్లో చదువుకుని వెళ్లండి. ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఆ ఐదు పుస్తకాలే. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. తాల్ముద్ (పాతకాలపు రబ్బీల చర్చల పెద్ద గ్రంథం) క్లాసుకి మాత్రం అప్పుడే వద్దు. రోజుకో పేజీ చొప్పున 2,711 పేజీలు ఏడున్నరేళ్లు చదివేవాళ్లు మా దగ్గర ఇద్దరున్నారు, వాళ్ల పక్కన మొదట్లోనే కూర్చుంటే బెదిరిపోతాం. షావువోత్ పండుగ రాత్రి తెల్లవార్లూ చదివే కార్యక్రమానికి పిలిస్తే వెళ్లండి, మన శివరాత్రి జాగారంలా ఉంటుంది.

తెలుగువాళ్లని తెలిస్తే కొందరు బెనె ఎఫ్రాయిమ్ గురించి అడుగుతారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్ పెట్టుకుని యూదు ధర్మం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. మా తెనాలికి అంత దగ్గర్లో ఉన్న ఆ మనుషుల గురించి నాకు మొదట చెప్పింది అమెరికాలో ఈ క్లాసులోనే.

ఇంకొక్కటి. మీ వియ్యపురాలి పక్కన కూర్చోకండి. మా వదినగారు (నేను అలాగే పిలుస్తాను, ఆవిడా ఆ మాట నేర్చుకున్నారు) బంగారంలాంటి మనిషి. కానీ ఆవిడ పక్కనున్నంతకాలం వాళ్ల పరువు నా నోట్లో ఉన్నట్టనిపించి ఒక్క ప్రశ్నా అడగలేకపోయాను. ఆ జులై వారం ఆవిడ ఊళ్లో లేరు.