39 శాతం ఓట్లకు 11 సీట్లు: దామాషా పద్ధతి ఉంటే ఏం మారేది?

మీ ప్రశ్న ఇది: 2024 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో వైసీపీకి 39 శాతం ఓట్లు వచ్చినా 11 సీట్లే దక్కాయి, దామాషా పద్ధతి (పార్టీకి వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇచ్చే పద్ధతి) ఉంటే 69 వచ్చేవి కదా, మనం కూడా అటు మారాలా అని.

నేను ఉండేది న్యూజిలాండ్‌లో. ఇక్కడ పౌరసత్వం లేకపోయినా, శాశ్వత నివాసానికి అనుమతి ఉండి ఏడాది పాటు ఉంటే ఓటు హక్కు ఇస్తారు. అలా 2017 నుంచి దామాషా పద్ధతిలోనే ఓటేస్తున్నాను. మారితే మంచిదే అంటాను. కానీ మీరు చెప్పిన కారణానికి మాత్రం కాదు.

ముందు ఆ 69 సంగతి చూద్దాం. 175 సీట్లలో 39.37 శాతం అంటే 69, లెక్క సరిగ్గానే ఉంది. 2019లో ఇదే లెక్క అవతలి పక్షం వాళ్లు వేశారు. అప్పుడు టీడీపీకి 39.17 శాతం వచ్చి 23 సీట్లు, వైసీపీకి దాదాపు 50 శాతం వచ్చి 151. ఓడినవాళ్లు కాలిక్యులేటర్ బయటికి తీస్తారు, గెలిచాక లోపల పెట్టేస్తారు. అయినా ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంచుమించు ఒకే ఓటు శాతానికి ఒకసారి 23, ఇంకోసారి 11. తేడా వచ్చింది ఓడిన పార్టీ బలంలో కాదు, అవతలివాళ్లు విడివిడిగా ఉన్నారా, కలిసి వచ్చారా అన్నదాంట్లో.

జనసేన సంగతి ఇంకా విచిత్రం. 2019లో 5.5 శాతం ఓట్లకు ఒక్క సీటు. 2024లో పొత్తులో 21 చోట్ల మాత్రమే పోటీ చేసి 21 గెలిచింది, రాష్ట్రం మొత్తం మీద లెక్కేస్తే 6.85 శాతం. మరి మిగతా నియోజకవర్గాల్లో ఉన్న జనసేన అభిమానుల ఓట్లు ఏమయ్యాయి? ఎక్కువగా సైకిల్ గుర్తుకో కమలానికో పడి ఉంటాయి. అంటే టీడీపీకి వచ్చిన 45.6 శాతంలో దాని సొంత ఓటు ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. అందుకే ఈ శాతాలను పార్టీల అసలు బలం అనుకుని సీట్లుగా మార్చేస్తే లెక్క తప్పుతుంది. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరికి వేస్తే ఓటు చీలుతుంది అన్న ఆలోచనంతా ఇప్పుడున్న పద్ధతిని బట్టే జరిగింది. పద్ధతి మారితే ఓట్లే మారతాయి.

ఇది నాకు ఇక్కడ ఓటేసినప్పుడే బాగా అర్థమైంది. ఇక్కడ ఒక్కొక్కరికీ రెండు ఓట్లు. ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, రెండోది పార్టీకి. పార్లమెంటులో ఏ పార్టీకి మొత్తం ఎన్ని సీట్లో తేల్చేది పార్టీ ఓటే. నియోజకవర్గాల్లో గెలిచిన సీట్లు పోను, తగ్గినన్ని ఆ పార్టీ ముందే ప్రకటించిన జాబితా నుంచి నింపుతారు. నాకు నచ్చిన పార్టీ మా నియోజకవర్గంలో గెలిచే అవకాశమే లేదు. అయినా పార్టీ ఓటు దానికే వేశాను, అభ్యర్థి ఓటు మాత్రం పని చేస్తాడని పేరున్న వేరే పార్టీ ఆయనకు వేశాను. మన దగ్గర దీన్ని క్రాస్ ఓటింగ్ అని గుసగుసలాడుకుంటారు, ఇక్కడ మామూలు విషయం. "వాళ్లు ఎలాగూ గెలవరు, ఓటు వృథా" అన్న మాట లేకుండా ఓటేయడం ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. ఒక పార్టీకి కంచుకోట లాంటి చోట కూడా మిగతావాళ్లు వచ్చి తలుపు తడతారు. పార్టీ ఓటు ఎక్కడ పడ్డా విలువ ఒకటే కాబట్టి.

వీళ్లు ఈ పద్ధతికి ఊరికే రాలేదు. 1978లో, 1981లో లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లొస్తే, ఎక్కువ సీట్లతో నేషనల్ పార్టీ అధికారంలో ఉండిపోయింది. 1981లో సోషల్ క్రెడిట్ అనే పార్టీకి 20 శాతానికి పైగా ఓట్లు వచ్చి దక్కింది 2 సీట్లు. జనం విసిగిపోయి 1993 రెఫరెండంలో మార్పుకు ఓటేశారు, 1996 నుంచి అమలైంది. 1993లో 99 మంది సభ్యుల్లో మహిళలు 21 మంది, 1996లో 120 మందిలో 35 మంది. జాబితా అందరి కళ్ల ముందూ ఉంటుంది కాబట్టి అన్నీ మగవాళ్ల పేర్లే రాస్తే పార్టీకే పరువు తక్కువ. ఇక్కడి మూలవాసులైన మావోరీల ప్రత్యేక స్థానాలను కూడా అలాగే ఉంచారు. దామాషా వస్తే ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు స్థానాలు పోతాయేమో అని భయపడేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు గొడవ దగ్గరికి వస్తాను. 2017లో ఫలితాలు వచ్చాక మా స్నేహితుల మధ్య జరిగిన వాదన ఇంకా పూర్తిగా చల్లారలేదు. నేషనల్‌కు 44 శాతం ఓట్లు, 56 సీట్లు. లేబర్‌కు 37 శాతం, 46 సీట్లు. ఎవరికీ మెజారిటీ లేదు. 7 శాతం తెచ్చుకున్న న్యూజిలాండ్ ఫస్ట్ నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ ఇద్దరితోనూ చర్చలు జరిపి, ఎన్నికలైన దాదాపు నాలుగు వారాలకు చివరికి లేబర్ వైపు మొగ్గారు. గ్రీన్ పార్టీ మద్దతుతో జసిండా ఆర్డెర్న్ ప్రధాని అయ్యారు.

నేషనల్‌ను ఇష్టపడే మా స్నేహితుడు మండిపడ్డాడు. "మొదటి స్థానంలో ఉన్నవాళ్లు ప్రతిపక్షంలోనా? ఏడు శాతం వాళ్లు ప్రధానిని ఎంపిక చేస్తారా?" నేను లెక్క చూపించాను: మూడు పార్టీల ఓట్లూ కలిపితే 50 శాతం దాటాయి, సీట్లు 63. వాడు ఊరుకోలేదు. "సరే, కానీ ఆ ముగ్గురూ కలిసి ఓట్లు అడగలేదుగా? న్యూజిలాండ్ ఫస్ట్‌కు వేసినవాడికి తన ఓటు ఎటు పోతుందో ఆ రోజు తెలుసా?"

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. పీటర్స్ ఎన్నికల ముందు ఎటు వెళ్తారో చెప్పలేదు మరి. 1996లోనూ అంతే, అందరూ లేబర్‌తో వెళ్తారనుకుంటే నేషనల్‌తో కలిశారు. మన కూటమిని ఎంతైనా తిట్టుకోండి, ఆంధ్రలో 2024లో ఓటరుకు ఎవరు ఎవరితో ఉన్నారో, ముఖ్యమంత్రి ఎవరవుతారో ముందే తెలుసు. బేరం ఓటుకు ముందు జరిగింది. దామాషాలో అది చాలాసార్లు ఓటు తర్వాత జరుగుతుంది. ఈ రెండు పద్ధతుల మధ్య నాకు కనిపించిన అసలు తేడా ఇదే. సీట్ల లెక్క న్యాయంగా ఉంటుంది, ప్రభుత్వాన్ని ఎంచుకునే అధికారం కాస్త మీ చేతిలోంచి జారుతుంది.

స్థిరత్వం గురించి చాలామంది భయపెడతారు. రాజ్యాంగ సభలో 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా కోసం సవరణ తెస్తే, అంబేద్కర్ వద్దనడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి, అక్షరాస్యత ఇంకొకటి. ఇజ్రాయెల్‌లో 2019 నుంచి 2022 మధ్య ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి, నిజమే. ఇక్కడ మాత్రం ప్రభుత్వాలు మూడేళ్లూ నడుస్తున్నాయి, కాబట్టి ఈ ఒక్క కారణంతో కొట్టిపారేయలేం.

కనీస ఓట్ల నిబంధన మాత్రం చిరాకు పెట్టిస్తుంది. ఐదు శాతం ఓట్లు గానీ, ఒక్క నియోజకవర్గం గానీ గెలవాలి. 2008లో న్యూజిలాండ్ ఫస్ట్‌కు 4.07 శాతం వచ్చి సున్నా సీట్లు. యాక్ట్ పార్టీకి 3.65 శాతమే, కానీ ఎప్సమ్ నియోజకవర్గం గెలిచింది కాబట్టి 5 సీట్లు. అంటే దామాషాలోనూ ఓట్లు వృథా అవుతాయి, ఎక్కడ గీత గీశామన్నదే తేడా. మన దగ్గర ఐదు శాతం గీత పెడితే, ఆంధ్రలో కాంగ్రెస్, కమ్యూనిస్టులు, ఇంకా చాలా చిన్న పార్టీలు ఈ పద్ధతిలోనూ అసెంబ్లీ గడప తొక్కలేవు.

ఇక మన రాష్ట్రాలకు నా అసలు భయం వేరే. జాబితాలో పేర్ల వరుస ఎవరు రాస్తారు? బీ-ఫారం కోసం పార్టీ అధినేత ఇంటి ముందు ఎలా పడిగాపులు కాస్తారో మనకు తెలుసు. ఇప్పుడైతే అధినేతకు నచ్చనివాడు ఇండిపెండెంట్‌గానైనా నిలబడి జనంలో తేల్చుకోవచ్చు. జాబితాలో పేరు కింద పడేస్తే వాడి పని అయిపోయినట్టే, జనం ఏమీ చేయలేరు. ఇక్కడ కూడా నియోజకవర్గంలో ఓడిన నాయకుడు జాబితా ద్వారా మళ్లీ పార్లమెంటులో కూర్చుంటే జనం గొణుగుతారు. మనవాళ్ల చేతికి ఆ సౌకర్యం ఇస్తే ఎలా వాడతారో ఊహించండి.

శ్రీలంకలో దీనికి ఒక మార్గం ఉంది. పార్టీకి ఓటేశాక, అదే జాబితాలోంచి ముగ్గురి వరకు ఓటరే గుర్తు పెట్టవచ్చు. పార్టీకి వచ్చిన సీట్లలో ఎవరు కూర్చోవాలో ఆ ప్రాధాన్య ఓట్లు తేలుస్తాయి. దానితో ఒకే పార్టీ అభ్యర్థులు ఒకరిమీద ఒకరు పోటీ పడి ఖర్చు పెట్టడం, కొట్టుకోవడం కూడా జరుగుతుంటాయి. అయినా నన్నడిగితే ఆ రభసే నయం. ఓటరు వేలు పెట్టలేని జాబితాతో వచ్చే దామాషాకైతే మాత్రం నేను మద్దతివ్వను, దానికంటే ఇప్పుడున్నదే మేలు.